మేనేజరుకు పడని నూనె

జుట్టు మొలిపిస్తామని బోర్డు పెట్టుకున్న కొట్లో బొచ్చు ఊడిన పిల్లి ఉండకూడదు. ఈ మాట ఏ వ్యాపార శాస్త్రంలోనూ రాసి ఉండకపోవచ్చు. రాయాల్సిన అవసరం లేదనే రాసి ఉండరు. కానీ పార్లరమ్మ కొట్లో అద్దాల తలుపు తోయగానే, గల్లాపెట్టె పక్కన మెత్తటి కుర్చీలో, మెడ చుట్టూ బొచ్చు రాలిపోయి, పొట్ట కింద ఎర్రటి తోలు బయటపడి, వెనక కాలితో చెవి వెనక టకటకా గోక్కుంటూ ఒక పిల్లి కనిపించేది. సరిగ్గా దాని నెత్తి మీద, గోడకి, నీలం అక్షరాల్లో బోర్డు: "రాలిన చోటే మొలుస్తుంది." లోపలికి వచ్చినవాళ్లు ముందు బోర్డు చదివేవాళ్లు, తరవాత పిల్లిని చూసేవాళ్లు, మళ్లీ ఒకసారి బోర్డు చదివేవాళ్లు.

ఆ బోర్డు రాసింది పార్లరమ్మ మొగుడే. బోర్డులు రాయడమే ఆయన వృత్తి. చెప్పుల కొట్టు మొదలుకుని దంతవైద్యుడి దాకా ఆ వీధిలో అందరి గొప్పలూ ఆయన కుంచెలోంచి వచ్చినవే. అక్షరం గుండ్రంగా కుదిరితే చాలు, అందులో నిజం ఎంతుందో చూడటం తన పని కాదనేవాడు.

పిల్లికి మేనేజరు అని పేరు పెట్టింది కూడా ఆయనే. గుప్పెడంత ఉన్నప్పుడు వానకి తడిసి కొట్లోకి దూరింది. పెద్ద తువ్వాలుతో తుడిచి వదిలితే నేరుగా వెళ్లి గల్లాపెట్టె పక్క కుర్చీ ఎక్కి, వచ్చేపోయేవాళ్లని ఒక చూపు చూసి, పనేమీ చెయ్యకుండా కళ్లు మూసుకుంది. "మేనేజరంటే ఇలా ఉండాలి" అన్నాడాయన. ఆ పేరు అలా ఉండిపోయింది.

పార్లరమ్మకి మేనేజరంటే ప్రాణం. అందుకో కారణముంది. రోజంతా ఆవిడ ముందుకు తలలొస్తాయి, మనుషులు రారు. వచ్చిన ప్రతి తలా తన చుండ్రు గురించీ, తన తెల్ల వెంట్రుక గురించీ, తన ఇంట్లో వాళ్ల గురించీ చెప్పుకుని పోతుంది. నీ సంగతేమిటని అడిగిన తల ఒక్కటీ లేదు. మేనేజరూ అడగలేదనుకోండి. కానీ తలుపు తీసిన చప్పుడు వింటే చాలు, తోక నిటారుగా లేపి ఎదురొచ్చేది. తన కోసమే ఎదురొచ్చే ప్రాణి ఒక్కటి ఉంటే మనిషి ఎంత చాకిరీ అయినా చేస్తుంది.

ఇక నూనె సంగతి. అది అత్తగారి నూనె. రెండు రకాల వేర్లు, దంచిన ఆకులు, చివర్లో ముక్కుపుటాలు అదిరేంత ఘాటైన సెంటు చుక్కలు. అత్తగారు పోతూ పోతూ ఆ తయారీ గుట్టు కూతురి చెవిలో ఊదింది. కోడలికి మాత్రం ఒక నీతి ఇచ్చి పోయింది: "ఒక్క బొట్టు కూడా వృథా పోకూడదమ్మాయ్." ఆ కూతురే పార్లరమ్మకి వదిన. వెనక గదిలో నూనె కాచేదీ ఆవిడే, ముందు గదిలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ ఆవిడే. పేనుకి పెత్తనమిస్తే ఏమవుతుందో తలల వ్యాపారంలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అత్తగారి నీతిని పార్లరమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. నూనె రెండు అరచేతుల మధ్యా రుద్ది, వేడెక్కాక తలకి పట్టించడం ఆవిడ పద్ధతి. పట్టించాక చేతులకి ఇంకా కాస్త మిగిలేది. దాన్ని తువ్వాలుకి తుడిస్తే వృథా. తన జుట్టుకి పొద్దున్నే పట్టించేసుకునేది. ఎదురుగా ఒళ్లంతా బొచ్చున్న ప్రాణి కూర్చుని ఉండగా ఇంకా వెతుక్కోవడమెందుకు? ఒక్కో తల పూర్తయ్యాక వెళ్లి, ఆ మిగులంతా మేనేజరు వీపుకీ మెడకీ ప్రేమగా నిమిరేది. మొదట్లో దాని ఒళ్లు నిగనిగలాడింది. "ఏం మెరుపమ్మా ఇది!" అని వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకుంటే, "మా అమ్మ నూనె" అని వదిన ముక్తసరిగా అనేది.

తరవాత గోకుడు మొదలైంది.

ఆ కొట్లో గోకుడు కొత్త కాదు. దానికి వదిన దగ్గర ఎప్పటినుంచో సిద్ధాంతం తయారుగా ఉంది. ఎవరైనా దురదగా ఉందంటే, "సంతోషించమ్మా, కుదుళ్లు లేస్తున్నాయి" అనేది. ఎర్రబడిందంటే, లోపలి వేడి బయటికొస్తోందనేది. ఉన్నది కూడా రాలుతోందని ఏడిస్తే, "పాతది ఖాళీ చేస్తేనే కదా కొత్తది దిగేది" అని ఓదార్చేది. ఎటు తిరిగినా గెలుపు నూనెదే. తప్పంటూ ఉంటే అది తలది. పార్లరమ్మ కూడా ఆ మాటలే చెప్పేది, వదినకన్నా మెత్తగా, వేళ్లతో తల నొక్కుతూ చెప్పేది కాబట్టి ఇంకా బాగా ఎక్కేవి.

అందరికన్నా బాగా ఎక్కింది పక్క కొట్టు టైలరమ్మకి. ఎప్పుడూ తలకి రుమాలు కట్టుకుని, మెళ్లో టేపు వేసుకుని ఉండే మనిషి. మిషను ఆపి, సుద్దముక్కతో రుమాలు కిందనుంచి గోక్కుంటూ వచ్చి కుర్చీలో కూలబడేది.

"ఈమధ్య మరీ ఎక్కువైందక్కా. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అనేది.

"మంచిదే కదా! ఆ మాత్రం లేకపోతే పని చేయట్లేదని అర్థం. గుడ్లు మానేశావా?"

"నువ్వు చెప్పిన రోజే మానేశాను. టీ కూడా."

"పులుపు కూడా మానెయ్. నీ ఒంట్లో వేడి ఎక్కువ" అని పార్లరమ్మ ఇంకాస్త నూనె పోసేది. టైలరమ్మ కళ్లు మూసుకుని, హాయిగా, పూర్తిగా నమ్మేది.

మేనేజరుకి మాత్రం ఈ సిద్ధాంతం ఎంత చెప్పినా ఎక్కలేదు. కుదుళ్లు లేస్తున్నందుకు సంతోషించకుండా అది అరుస్తూ గోక్కునేది, గోకినచోట నాకేది, నాకినచోట కొరికేది. మెడ దగ్గర పుండు పడింది. పార్లరమ్మకి అన్నం సయించడం మానేసింది.

సలహాలకి కొదవ లేదు. పిల్లికి చెమట పట్టదు కాబట్టి గాలి తగలాలని మొగుడన్నాడు. గాలి తగిలితే ఎండిపోతుంది కాబట్టి కప్పి ఉంచాలని ఒకావిడంది. దానికి దిగులు పట్టుకుందనీ, తోడు తెస్తే తగ్గుతుందనీ ఇంకొకావిడ తేల్చింది. ఆవిడింట్లో పంచిపెట్టాల్సిన పిల్లికూనలున్నాయి. వదినది సలహా కాదు, ఆజ్ఞ. "ఇంకాస్త గట్టిగా పట్టించు. మనది కాబట్టి కాసింత చాలనుకుంటున్నావ్, అందుకే సగం సగంగా పని చేస్తోంది" అంది. సరేనని పార్లరమ్మ మిగులు నూనెతో సరిపెట్టకుండా, పుండున్నచోట ప్రత్యేకంగా దూదితో అద్దడం మొదలుపెట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మెడ మీద మిగిలిన బొచ్చు కూడా పోయింది.

చివరికి బుట్టలో పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు, కళ్లద్దాలవాడు, నెత్తి మీద బొత్తిగా ఏమీ లేనివాడు. ముందు గోమార్లన్నాడు. మెడ వెనక చుక్కల మందు వేశాడు. తగ్గలేదు. తిండి పడటం లేదేమోనని తిండి మార్పించాడు. తగ్గలేదు. అప్పుడు సూది వేసి, నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో గోకుడు సగం తగ్గింది. పార్లరమ్మ ఆనందం పట్టలేక ఇంటికి తెచ్చుకుని, పాపం నాలుగు రోజులుగా నూనె మొహం ఎరగదని ఒళ్లంతా దండిగా పట్టించింది. వారం తిరక్కుండా మళ్లీ బుట్ట ఎత్తుకుని డాక్టరు గుమ్మంలో నిలబడింది.

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఏదో పడటం లేదమ్మా దీనికి. అది పట్టుకోవాలి. ఇంట్లో కొత్తగా ఏమైనా వాడుతున్నారా? ఫినాయిలు, అగరొత్తులు, సబ్బులు?"

"కొత్తవేమీ లేవండీ" అంది పార్లరమ్మ. అబద్ధం చెప్పలేదు. ఆ నూనె కొత్తది కాదు. పైగా ఆవిడ లెక్కలో అది వాడే వస్తువు కూడా కాదు. ఇంట్లో ఏమున్నాయని అడిగితే గోడలున్నాయని ఎవరూ చెప్పరు.

డాక్టరు మేనేజరుని ఎత్తి, మెడ దగ్గర ముక్కు పెట్టి చూశాడు. "ఏదో మంచి వాసన వస్తోందే!"

"అది మా నూనె లెండి. తలకి రాసేది. జుట్టు మొలుస్తుంది."

డాక్టరు పిల్లిని బల్ల మీద దించాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "మరి... నాలాంటి వాళ్లకి కూడా పని చేస్తుందా?" అన్నాడు.

రోగం సాక్షాత్తూ డాక్టరు ముక్కు కిందికే వచ్చి నిలబడింది. ఆయన దాన్ని సీసాలో తెప్పించుకుని నెత్తికి రాసుకున్నాడు. తరవాత వెళ్లినప్పుడల్లా కలంతో నడినెత్తి గోక్కుంటూ, "కుదుళ్లు లేస్తున్నట్టున్నాయమ్మా" అని మురిసిపోయేవాడు.

ఇలా ఉండగా ఒక కబురొచ్చింది. నూనెలూ షాంపూలూ ఊరూరా అమ్మించే కంపెనీ ఒకటి ఈ నూనె గురించి విందట. వాళ్ల మనిషి వచ్చి చూస్తాడట. నచ్చితే అత్తగారి నూనె ప్రతి వీధి కొట్లోనూ దొరుకుతుంది. వదిన ఆ రోజు గల్లాపెట్టె దగ్గరినుంచి లేచి నిలబడి తీర్పు చెప్పింది.

"ఆయన వచ్చే వేళకి ఈ తోలుతిత్తి ఇక్కడ ఉండటానికి వీల్లేదు. ఎవరికైనా ఇచ్చెయ్."

"ఎవరు తీసుకుంటారు వదినా ఈ పుళ్ల పిల్లిని?"

"పిల్లుల్ని పెట్టుకునే షెడ్డుందిగా ఊరి చివర. అక్కడ వదిలిరా."

పార్లరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కొత్త బోర్డులో ఒక కొమ్ము గీత సరిచేసుకుంటూ, "అక్క చెప్పిందాంట్లోనూ..." అని సగంలో ఆపాడు. ఆయన మాటలెప్పుడూ సగంలోనే ఆగేవి. మిగతా సగం అక్కే పూర్తి చేసేది. కంపెనీ మనిషి వచ్చేలోపు మేనేజరుకి బొచ్చు రాకపోతే షెడ్డుకి పోవాల్సిందేనని తేలింది. పార్లరమ్మ వెనక గదిలోకెళ్లి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ కంగారులోనే, పొయ్యి మీది నూనె గిన్నె దించబోయి కుడిచేతి మీద ఒలకబోసుకుంది.

చెయ్యి బొబ్బలెక్కింది. మణికట్టు నుంచి వేళ్ల దాకా కట్టు కట్టారు. తలలకి నూనె రాయడం వదిన మీద పడింది. వదిన రాసేది, తరవాత చేతులు తువ్వాలుకి అసహ్యంగా తుడుచుకునేది. అమ్మ చెప్పిన నీతి కోడళ్ల కోసమని ఆవిడ ఉద్దేశం. పైగా ఆ పుళ్ల పిల్లిని ముట్టుకోవడమా! పార్లరమ్మ ఎడమచేత్తో మేనేజరుని ఒళ్లో పెట్టుకుని, "నీకు నూనె రాసే భాగ్యం కూడా లేకుండా పోయిందిరా నాయనా" అని బాధపడుతూ కూర్చునేది.

నాయనకి మాత్రం తగ్గుతూ వచ్చింది. మొదట పుండు ఆరింది. తరవాత గోకుడు తగ్గింది. ఎర్రటి తోలు మీద సన్నగా నూగు కనబడింది. చూస్తుండగానే ఆ నూగు బొచ్చయింది, ఆ బొచ్చు ఒత్తయింది. మేనేజరు కుర్చీలో వెనకటి దర్జాతో కళ్లు మూసుకుని కూర్చుంది.

ఇంక చూడండి, ఆ బొచ్చుకి ఎంతమంది తండ్రులో! తిండి మార్చడం వల్లేనని డాక్టరన్నాడు. గాలి తగలబట్టేనని మొగుడన్నాడు. "ఇన్నాళ్లూ పట్టించింది ఊరికే పోతుందా? లోపల పని చేసి ఇప్పుడు బయటపడింది" అని వదిన అందరికీ చాటింది. నీ చెయ్యి కాలింది కానీ నీ మనసు కాలలేదక్కా, దేవుడు చూశాడు అని టైలరమ్మ సంతోషపడింది. సంతోషపడుతూ రుమాలు కింద గోక్కుంది.

కట్టు విప్పిన రోజు పార్లరమ్మకి పండగలాగే అనిపించింది. మొదటి తలకి తనే నూనె పట్టించింది. పట్టించాక, అలవాటు కొద్దీ, మిగులు చేతులతో మేనేజరు వీపు నిమిరింది. కొట్టు కట్టేసే వేళకి మేనేజరు వెనక్కి తిరిగి వీపు కొరుక్కుంటోంది.

పార్లరమ్మ దగ్గరికెళ్లి చూసింది. తను నిమిరిన దారిలోనే, మెడ నుంచి తోక దాకా, బొచ్చు కింద ఎర్రటి చార. తన చేతిని వాసన చూసుకుంది. మళ్లీ చార చూసింది. మొగుడు రాసిన అంత పెద్ద బోర్డు కూడా ఏనాడూ అంత స్పష్టంగా కనబడలేదు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలుతుందని ఎవరో అంటే వినడమే కానీ, కాలింది ఎవరి మూతో ఆవిడకి అప్పుడు తెలిసింది. కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, "ఇన్నాళ్లూ నేనేనుట్రా" అంది. మేనేజరు గోక్కుంటూనే వచ్చి ఒళ్లో కూర్చుంది.

గోరువెచ్చటి నీళ్లతో దాని ఒళ్లు తుడిచింది. మర్నాటినుంచి మిగులు తువ్వాలుకే తుడిచింది. అత్తగారి నీతి మొదటిసారి నేలపాలైంది. చార మాయమైంది, మళ్లీ రాలేదు.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ వదిన మొహం చూస్తే నోరు పెగల్లేదు. పైగా మనసుకి సర్దిచెప్పుకోవడానికి మంచి కారణమే దొరికింది. పిల్లి వేరు, మనిషి వేరు. పిల్లి నాక్కుంటుంది, మనిషి నాక్కోడు. ఇంకేం కావాలి? మేనేజరుకి మినహాయింపు దొరికింది. మిగతా తలలకి యథాప్రకారం నూనె పడింది. టైలరమ్మ వస్తే, "ఇంకా వేడి తగ్గలేదా నీకు?" అని అదే మెత్తటి గొంతుతో అడిగింది. అడిగేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఆగి, మళ్లీ రాసింది.

ఈలోగా మొగుడి బుర్రలో మెరుపు మెరిసింది. మేనేజరు ఒంటి నిండా పుళ్లున్నప్పుడు డాక్టరుకి చూపించడానికి తీసిన ఫొటో ఒకటుంది. ఇప్పుడు బొచ్చుతో కళకళలాడుతుండగా ఇంకొకటి తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి, కింద గుండ్రటి అక్షరాల్లో "అప్పుడు - ఇప్పుడు" అని రాసి, మధ్యలో నూనె సీసా బొమ్మ వేసి, అద్దాల తలుపుకి తగిలించాడు. వీధి వీధంతా ఆగి చూసింది. నోరులేని జంతువు అబద్ధం చెప్పదు కదా అని జనం అనుకున్నారు. షెడ్డుకి పంపాలన్న వదినే ఇప్పుడు మేనేజరు కుర్చీకి కొత్త దిండు కుట్టించింది. టైలరమ్మే కుట్టి తెచ్చింది.

కంపెనీ మనిషి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు నలగని మొహం. ఆయన్ని చూడటానికి టైలరమ్మతో పాటు పాతవాళ్లు కొందరు వచ్చి గోడవారన కుర్చీల్లో సర్దుకున్నారు. ఆయన ఫొటోలు చూశాడు. పిల్లిని చూశాడు. బొచ్చు పట్టుకుని లాగి, ఊడదని రూఢి చేసుకున్నాడు.

"అద్భుతమమ్మా. కానీ జనం ఈరోజుల్లో ఫొటోలు నమ్మట్లేదు, వీడియో కావాలంటున్నారు. మీరు ఇప్పుడు దీని ఒళ్లంతా నూనె పట్టించండి, నేను తీస్తాను. ఇలా నెల్లాళ్లు రోజూ రాస్తూ తీద్దాం. రాసేది మీ చేతులే కనబడాలి. పిల్లీ, ప్రేమా, నూనె!" అన్నాడు.

"కానివ్వమ్మాయ్" అని వదిన సీసా తెచ్చి, పార్లరమ్మ అరచేతుల్లోకి ధారగా వంచింది. ఆరోజు వృథా గురించి ఎవరూ ఆలోచించలేదు.

పార్లరమ్మ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కంపెనీ మనిషి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. మేనేజరుకి వాసన తగిలింది. చెవులు వెనక్కి వాలిపోయాయి, వీపు మీద తోలు జలదరించింది. పారిపోతుందేమోనని పార్లరమ్మ ఆశపడింది. పారిపోతే బాగుండు, తను ఏమీ చెప్పక్కర్లేకుండా పోతుంది. మేనేజరు పారిపోలేదు. ఆ చేతుల్లో ఏముందో దానికి తెలుసు, ఆ చేతులెవరివో కూడా తెలుసు. కళ్లు గట్టిగా మూసుకుని, ఒంగి, వీపు ఇచ్చింది.

అంత నమ్మకానికి ఎదురుగా పార్లరమ్మ చెయ్యి కదల్లేదు.

"రాయను" అంది.

"అదేంటి?" అన్నాడు మొగుడు.

"దీనికి మన నూనె పడదు. ఆ పుళ్లన్నీ నా చేతులతో నేను తెప్పించినవే. నా చెయ్యి కాలి రాయడం మానేస్తే తగ్గిపోయాయి. మీరు తలుపుకి అంటించిన ఫొటోల అర్థం తారుమారైందండీ. మొదటిది నూనె రాస్తున్నప్పటిది. రెండోది మానేశాక తీసింది."

మొగుడు తలుపు వైపు చూసి, తను రాసిన అక్షరాలు ఎంత గుండ్రంగా కుదిరాయో తల్చుకుని నిట్టూర్చాడు. వదిన మొహం కందగడ్డైంది. "వేళాకోళమాడుతోందండీ మా మరదలు. నలుగుర్లో దీనికి నోరు తిరగదు" అంది.

కంపెనీ మనిషి ఫోను దించాడు. ఆయన నవ్వు ఇంకా నలగలేదు. ఇలాంటివి ఆయన రోజుకి ఎన్ని చూస్తాడో!

"ఇంత చిన్నదానికి కంగారెందుకమ్మా? జంతువులకి వాడరాదని సీసా వెనక చిన్న అక్షరాల్లో వేద్దాం. అన్ని కంపెనీలూ వేస్తాయి. నూనెకొచ్చిన లోటేమీ లేదు. వీడియోకి ఇంకో పిల్లిని చూసుకుందాం, ఒక పూట రాసి కడిగేద్దాం" అన్నాడు.

గదిలో అందరికీ ఊపిరి ఆడింది. మొగుడు చిన్న అక్షరాలు ఏ రంగులో వేస్తే కనబడవో అప్పుడే ఆలోచనలో పడ్డాడు. "నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను, పిల్లి వేరు మనిషి వేరు" అంది వదిన. ఆవిడ ఆ మాట ముందెప్పుడూ అనలేదు. అనుకున్నది పార్లరమ్మే. తన మనసులోని మాట వదిన నోట్లోంచి వినపడేసరికి అదెంత రోతగా ఉందో పార్లరమ్మకి తెలిసింది. అయినా మేనేజరు ఒడ్డున పడింది, అది చాలు అనుకుంది. చేతులు కడుక్కుందామని లేచింది.

"అక్కా" అంది టైలరమ్మ.

గోడవారన కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. కంపెనీ మనిషిని చూడటం లేదు, వదినని చూడటం లేదు.

"దానికి పడట్లేదని నీకెలా తెలిసిందక్కా?"

"ఎలా తెలియడమేంటే? ఎప్పుడు చూసినా గోక్కుంటూనే ఉండేది కదా. నిద్ర లేదు, తిండి లేదు. కళ్లెదురుగా అలా గోక్కుంటుంటే..." అంటూ పార్లరమ్మ ఇటు తిరిగింది.

టైలరమ్మ తల మీది రుమాలు ముడి విప్పుతోంది. విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది. చెవి వెనకనుంచి మెడ దాకా జుట్టు లేదు. ఎర్రటి తోలు, దాని మీద గోళ్ల గీతలు, గీతల చివర ఎండిన పుండ్లు. పార్లరమ్మకి ఆ తల కొత్తది కాదు. ప్రతి వారం తన వేళ్లు తిరిగిన తలే.

"నేనూ నీ కళ్లెదురుగానే కదక్కా గోక్కున్నాను" అంది టైలరమ్మ.